ఎర్రమొనతో రాసిన పేజీ

నేను చెప్పబోయేదంతా నిజం. ఒక్క ముక్క కూడా కల్పన కాదు. ఈ మాట వినగానే మా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో నన్నెరిగినవాళ్ళు పక్కవాడి డొక్కలో పొడుస్తారని నాకు తెలుసు. పొడుచుకోనివ్వండి. రైల్వే వర్కుషాపు టైమాఫీసులో ఇరవై ఏళ్ళకి పైగా హాజరు పుస్తకం రాస్తున్న చెయ్యి ఇది. రానివాణ్ణి వచ్చినట్టు ఒక్కనాడూ రాయలేదు. నోటితో చెప్పేవాటి సంగతి వేరు, వాటికి సంతకం అక్కర్లేదు. ఇది కాగితం మీద పెడుతున్నాను గనక, మా వీధి రాములవారి మీద ఒట్టేసి, మా అమ్మ మీద ఒట్టేసి, ఎనిమిదేళ్ళుగా వస్తానంటూ రాని నా ప్రమోషన్ మీద కూడా ఒట్టేసి మొదలుపెడుతున్నాను.

మొన్న ఆదివారం గోల్‌బజారులో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకు లాగారు. చూస్తే ఫూల్‌మణి. సాల్ ఆకుల విస్తళ్ళు కుట్టి అమ్ముకునే సంతాల్ మనిషి. నేను మొదట చూసినప్పుడు నడివయసు, ఇప్పుడు బాగా ముసలిది. "తోమార్ దీదీ కోయ్?" అంది బెంగాలీలో. నీ అక్క ఏదీ అని.

మా అప్ప పోయి మూడు నెలలైంది. స్కూల్లో రిటైరయ్యి పలాసలో చెల్లెలింటికి వెళ్ళింది, ఏడాది తిరక్కుండా అక్కడే పోయింది. ఆ సంగతే చెప్పాను. ఫూల్‌మణి ఏడవలేదు. కట్టిన విస్తళ్ళ కట్ట విప్పింది, మళ్ళీ కట్టింది. "మా భాషలో నీళ్ళు అన్న మాట మాత్రం ఆఖరిదాకా సరిగ్గా పలకలేకపోయింది" అంది. నేను ఉల్లిపాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. మా ఆవిడ ఏటని అడిగితే, రాసుకోవాల్సిన పనుందన్నాను. అదే ఇది.

అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. నాకు తోడబుట్టింది కాదు. మా లైనులో మూడో క్వార్టరు వాళ్ళది, ఐదోది మాది. తండ్రి బాయిలర్ షాపులో చేసి పోయాడు. తల్లీ ఆవిడా ఉండేవారు. ఆవిడ రైల్వే తెలుగు స్కూల్లో టీచరు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఖాళీ దొరకలేదు" అనేది, నిన్న బట్టలుతకడానికి ఖాళీ దొరకలేదన్నట్టు. మనిషి పొట్టి. నడక మాత్రం గూడ్సుబండికి సిగ్నలు ఇచ్చినట్టు ఉండేది, ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకోవలసిందే. కొప్పులో పువ్వు ఉండేది కాదు, పెన్సిలుండేది. పంతుళ్ళు కాపీ పుస్తకాలు దిద్దే రెండు మొనల పెన్సిలు, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. గబుక్కున తల తిప్పితే దగ్గరున్నవాళ్ళ కన్ను జాగ్రత్త.

ఆవిడ నోటికొక అలవాటుంది. ఎవరేం చెప్పినా "ఎవరు చెప్పినారు?" అనేది. ఫలానా వాళ్ళని చెబితే "ఇంకెవరు చెప్పినారు?" అనేది. వానొస్తోంది అప్పా అన్నా అంతే. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఈ చివర పిల్లాడికి అక్షరాభ్యాసం చేయించి నడిపిస్తే ఆ చివరకి వెళ్ళేసరికి మెట్రిక్ పాసవుతాడని నేనొకసారి లైనంతా వినేటట్టు చెప్పాను. అందరూ నవ్వారు. అప్ప నవ్వలేదు. ఎవరు చెప్పినారంది. స్టేషన్ మాస్టరన్నాను. "ఇంకెవరు చెప్పినారు?" అంది. మెట్రిక్ పాసైన పిల్లాణ్ణి నేనెక్కణ్ణించి తేగలను?

ఆవిడకి ముప్ఫై తొమ్మిదో ఏట స్కూలుకి రెండేళ్ళు సెలవు పెట్టి కలకత్తాలో యూనివర్సిటీకి వెళతానంది. డిగ్రీ అంతకుముందే ప్రైవేటుగా కట్టి తెచ్చుకుంది. ఇప్పుడు ఎమ్మే అంది. ఏ ఎమ్మే అంటే, అడవి జాతుల బతుకు, వాళ్ళ భాషలు చదివేదట. సంతాలీ నేర్చుకుని, మన హిజ్లీ అవతల సాల్ అడవిలో ఉన్న సంతాల్ పల్లె మీదే పెద్ద వ్యాసం రాస్తుందట. లైనంతా గుమ్మాల్లోకొచ్చింది. చదువుకుంటే హెడ్‌క్లర్కవుతారు, టీటీ అవుతారు, కనీసం డాక్టరు దగ్గర కాంపౌండరవుతారు. బొగ్గులేరుకునేవాళ్ళ మాట నేర్చుకోవడానికి యూనివర్సిటీ ఏటని ఒకరు. నలభై దగ్గరపడితే ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి అని ఇంకొకరు. ఎదుటి లైను ఫోర్‌మెన్ మావయ్యయితే నేరుగా మెట్లెక్కి వచ్చాడు.

"ఏటమ్మా టీచరమ్మా, కలకత్తా ఎల్లి సదివేది ఇదేనా? మా గ్యాంగులో సంతాలోళ్ళు పదిమందున్నారు. అడిగితే ఉత్తినే సెప్తారు."

"అడిగినావా మావయ్యా?"

"ఏటి అడగాల?"

"నీళ్ళని ఏటంటారని. ఇరవై ఏళ్ళబట్టి నీ గ్యాంగులో ఉన్నారు గదా, ఏ వేసవిలోనో ఒకసారి అడిగే ఉంటావు."

ఫోర్‌మెన్ మావయ్య చుట్ట వెలిగించడానికి అగ్గిపెట్టె కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అగ్గిపెట్టె ఆయన చేతిలోనే ఉంది.

ఆవిడకి ఈ పట్టుదల ఎందుకొచ్చిందో నాకు తర్వాతెప్పుడో చెప్పింది. చిన్నప్పుడు బెంగాలీ బళ్ళో వేశారట. ఆవిడ తెలుగులో ఎవర్నైనా పిలిస్తే చాలు, పిల్లలంతా డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు నోటితో చప్పుడు చేసేవారట. అది మాట కాదు, మోత అని వాళ్ళ లెక్క. సరే, పెద్దయ్యింది, మరిచిపోయింది. ఒకరోజు బజార్లో మన లైను ఆడవాళ్ళే ఫూల్‌మణి మాట విని అచ్చం అదే చప్పుడు చేసి పడీపడీ నవ్వారట. "వాళ్ళు నన్నన్నారు, నా వాళ్ళు దీన్నన్నారు. నాకు ఒళ్ళంతా మండిపోయింది తమ్ముడూ. ఆ రోజే ఒక విస్తళ్ళ కట్ట కొని దాని పక్కన కూచున్నాను" అంది. కూచున్నది రెండేళ్ళు లేవలేదు.

వారమంతా కలకత్తాలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది, తన సగం వయసు పిల్లల మధ్య. శనివారం సాయంత్రం బండికి వచ్చేది. ఆదివారం పల్లెకి. అడవి దారిలో ఆడమనిషి ఒక్కర్తీ వెళ్ళకూడదని వాళ్ళమ్మ అడ్డం కూచుంటే, మా లైనులో ఎవరినైనా తోడు పంపాలని పంచాయతీ పెట్టారు. నాకప్పటికి ఇరవయ్యారేళ్ళు, పెళ్ళి కాలేదు, ఆదివారం పనిలేదు. పైగా నాకు సంతాలీ నీళ్ళ ప్రాయమని అందరికీ చెప్పి ఉన్నాను. నిజానికి నాకు వచ్చింది రెండు మాటలు, అందులో ఒకటి తిట్టు. అలా నేను కుదిరాను. అప్పకి సైకిలు తొక్కడం రాదు, వెనక కూచోడానికి ఒప్పుకోదు. అంచేత హిజ్లీలో ఐఐటీ క్యాంపస్ కంచె వెంట సైకిలు మీద ఆవిడ పుస్తకాల సంచీ ఊరేగుతుంటే, మేమిద్దరం చెరో పక్కనా పట్టుకుని నడిచేవాళ్ళం. స్లైడ్ రూళ్ళు పట్టుకున్న ఇంజనీరింగు పిల్లలు పక్కకి జరిగి దారిచ్చేవారు.

ఇక నీళ్ళ సంగతి. సంతాలీలో నీళ్ళు 'దాక్'. ఆ చివర శబ్దం నోట్లోంచి బయటికి రాకూడదు, గొంతులోనే ఆగిపోవాలి. మన తెలుగు నోరు ఊరుకుంటుందా, చివర ఒక ఉకారం తగిలించి దాకు అంటుంది, పల్లెలో పిల్లలు కింద పడి దొర్లుతారు. అప్ప శనివారాలు వంటింట్లో పీట వేసుకుని ఆ గొంతు బిగపట్టే సాధన చేసేది. వాళ్ళమ్మ అది విని "ఓలమ్మా, ఎక్కిళ్ళొత్తన్నాయేటే" అని చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చేది. నీళ్ళ పేరు నేర్చుకోవడానికి మా అప్ప తాగిన నీళ్ళు ఇంజనుకి కూడా పట్టి ఉండవు.

ఆవిడ పనిచేసే తీరు మాత్రం నేనెక్కడా చూడలేదు. హాస్టలు పిల్లలు, వాళ్ళ సార్లు పల్లెలకి వెళితే అడుగుతారు, రాసుకుంటారు, వచ్చేస్తారు. అప్ప రాసుకున్నది మళ్ళీ వారం తీసుకెళ్ళి పల్లెవాళ్ళకి అప్పజెప్పేది. బళ్ళో పిల్లలు చేతులు కట్టుకుని పంతులమ్మకి పాఠం అప్పజెప్తారే, అచ్చం అలాగే. ఫూల్‌మణి ఇంటి ముందు ఆకులు కుడుతూ కూచుంటే, ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన మా అప్ప ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, బిడ్డ పుడితే ఏం చేస్తారు, పెళ్ళికి ఎవరు ఏం తేవాలి, అన్నీ వాళ్ళ భాషలో అప్పజెప్పేది. తప్పొస్తే ఫూల్‌మణి తల కూడా ఎత్తకుండా "ఊహూఁ" అనేది. అప్ప మళ్ళీ మొదటినుంచి. నాకు మొదట్లో సిగ్గేసేది. తర్వాత్తర్వాత, ఎవరైనా అటుగా వస్తే బాగుణ్ణు, చూస్తారు అనిపించేది.

విన్న ప్రతి ముక్కా ముందు ఎర్రమొనతో రాసేది. ముగ్గురు వేరువేరుగా అదే చెప్పి, అప్పజెప్పినప్పుడు ఒప్పుకుంటే అప్పుడు నీలంమొనతో ఎత్తి రాసేది. ఎరుపు విన్నది, నీలం తేలింది. నీలం కానిది వ్యాసంలోకి పోకూడదు.

ఇప్పుడు నా పాత్ర వస్తుంది.

ఆ పల్లెలో ఏడాదికోసారి మగవాళ్ళు మాత్రమే అడవిలోకి వెళ్ళి చేసే పూజ ఒకటుంది. ఆడవాళ్ళు దాని దరిదాపులకి పోరు, అడగరు. కలకత్తాలో అప్పకి దారి చూపించే ప్రొఫెసరుగారు ఆ పూజ లేకపోతే వ్యాసం కుంటిదన్నారట. అప్ప ఊరి పెద్ద మాంఝీ దగ్గరికి వెళ్ళి, మావాణ్ణి పంపవచ్చా అని అడిగింది. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు, నవ్వాడు. బయల్దేరే ముందు నాతో చెప్పింది.

"రానిస్తే చూడు. రానివ్వకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్. రానివ్వలేదన్నదీ రాసుకోవలసిన మాటే. తెలిసిందా?"

తెలిసిందన్నాను. వెళ్ళాను. అడవి అంచున ఒక ఇప్పచెట్టు కింద మాంఝీ నా భుజం మీద చెయ్యేసి, "బాబూ, నువ్విక్కడ కూచో" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఆకుదొన్నెలో హండియా పోసిచ్చారు, అన్నం పులవబెట్టి చేసే కల్లు అది, చల్లగా ఉంటుంది. వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. నేను ఒక దొన్నె తాగాను. పక్కనే కుండ ఉంది. నాలుగో దొన్నె దాకా లెక్క గుర్తుంది. లేచేసరికి నా ముక్కు మీద చీమలున్నాయి, మగవాళ్ళు తిరిగొస్తున్నారు.

రానివ్వలేదని చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ వారం రోజులుగా టైమాఫీసులో కోతలు కోసి ఉన్నాను, ఏ పరాయివాడూ చూడనిది నేను చూడబోతున్నానని. పైగా అప్ప గుమ్మంలోనే కూచుని ఉంది, ఒళ్ళో నోటుపుస్తకం. ఆవిడ ముఖం చూస్తే 'ఇప్పచెట్టు కింద నిద్రపోయాను' అన్న మాట నాకు రాలేదు. వేరేది వచ్చింది. గొడ్డళ్ళన్నీ తూర్పుకి మొనలు పెట్టి వరసగా పేరుస్తారన్నాను. కడిగి మూడేసి బొట్లు పెడతారన్నాను. అందరిలోకీ పెద్దాయన ఒక్కో గొడ్డలినీ తాకి, ఎవరిదో వాడి పేరు, వాడి తండ్రి పేరు, తాత పేరు చదువుతాడన్నాను. తర్వాత ఎవరి గొడ్డలి వాళ్ళు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారన్నాను. చెబుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. మా వర్కుషాపులో విశ్వకర్మ పూజకి స్పానర్లూ సుత్తులూ పేర్చి మిస్త్రీ చేసే తంతే అది. స్పానర్లు తీసి గొడ్డళ్ళు పెట్టాను, తాతలు మాత్రం నా సొంతం.

అప్ప ఎర్రమొనతో రాసుకుంది. రాయడం అయ్యాక తలెత్తి నా వంక చూసింది. నేను ఆ రెండు ప్రశ్నలకీ సిద్ధంగా ఉన్నాను, మాంఝీ తమ్ముడి పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆవిడ అడగలేదు. "అలిసిపోయుంటావు, వెళ్ళి అన్నం తిను" అంది. ఆవిడ జీవితంలో 'ఇంకెవరు చెప్పినారు' అని అడగనిది ఆ ఒక్కసారే అనుకుంటాను. ఎందుకంటే చెప్పింది నేను.

ఆ పేజీ నీలం కావడానికి దారి లేదు. ఆడవాళ్ళకి అప్పజెప్పకూడదు, మగవాళ్ళు ఆడమనిషి నోట వినరు. ప్రొఫెసరుగారు తొందరపెడుతున్నారు. ఆఖరికి గోల్‌బజారు టైపింగు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిన కాగితాల్లో అది ఎర్రగానే వెళ్ళింది, నల్లగా తిరిగొచ్చింది. ఆ మిషన్‌కి నలుపొక్కటే తెలుసు. మిగతా నూటయాభై పేజీల పక్కన అదీ దొరలా కూచుంది.

వ్యాసం గురించి యూనివర్సిటీలో అందరి ముందూ పరీక్ష చేసే రోజున వాళ్ళమ్మ మళ్ళీ నన్నే తోడు పంపింది. పెద్ద హాలు. ముందు వరసలో ప్రొఫెసర్లు, వెనక విద్యార్థులు, అందరికన్నా వెనక బెంచీలో నేను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు బాగా పెద్దాయన. కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పేజీ ఇదీ, ఇంతవరకూ ఎవరూ రాయలేదు, ఈ ఒక్క దానికే ఫస్టు క్లాసివ్వాలి అంటూ గొడ్డళ్ళ పూజ మొత్తం పైకి చదివాడు. నా వాక్యాలు. ఇంగ్లీషులో ఇంకా గొప్పగా ఉన్నాయి.

అప్పుడు నేను లేచాను.

"స్యార్, ఓటా మిథ్యే" అన్నాను. అది అబద్ధం అని. హాల్లో యాభై తలలు ఒక్కసారి తిరిగాయి. నడినెత్తిన తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. పెద్దాయన కళ్ళద్దాలు జారి కాగితాల మీద పడ్డాయి. నేను తొణకలేదు. ఇప్పచెట్టూ, నాలుగు దొన్నెలూ, చీమలూ, విశ్వకర్మా, అన్నీ వరసగా చెప్పేశాను. "ఆవిడ రాసిన ప్రతి ముక్కా ముగ్గురి నోట తేలింది. ఇదొక్కటే నా నోట పుట్టింది. ఈ పేజీకి ఆవిడ మార్కులు తియ్యకండి, కావలిస్తే నావి తియ్యండి" అన్నాను. నాకు అక్కడ మార్కులేవీ లేవని తర్వాత తట్టింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. అప్ప వెనక్కి తిరిగి నన్ను చూసి "కూచో" అంది, బళ్ళో పిల్లాడితో అన్నట్టు. కూచున్నాను.

పెద్దాయన కోప్పడలేదు. మూడు నెలలు గడువిచ్చి ఆ పేజీ సరిచేసి తెమ్మన్నాడు. సరైన మనిషిని పంపి అసలు పూజేమిటో కనుక్కో అన్నారు ప్రొఫెసరుగారు. అప్ప పల్లెకి వెళ్ళి మాంఝీని తిన్నగా అడిగింది. ఆయన "వద్దు దీదీ" అన్నాడు. అప్ప దణ్ణం పెట్టి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆ పేజీ మీద పూజ పేరు రాసి, కింద ఒకే వాక్యం రాసింది. ఇది నన్ను చూడనివ్వలేదు, చూడనివ్వకపోవడం వాళ్ళ హక్కు. మిగతా పేజీ అంతా తెలుపు.

ప్రొఫెసరుగారు తల పట్టుకున్నారట. నింపు, లేకపోతే ఆ పేజీ తీసెయ్, ఇలా ఇస్తే ఫస్టు క్లాసు పోతుందన్నారట. ఆ వారం బండి దిగి స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తూ అప్ప చెప్పింది. "తీసేస్తే అలాంటి పూజే లేదనుకుంటారు. నింపితే అబద్ధం. ఉందని చెప్పి ఊరుకుంటానన్నాను. ఫస్టు క్లాసు పోతే పోతాది గాని తమ్ముడూ, మాంఝీ ముఖం మళ్ళీ ఆదివారం చూడాలి గదా."

సెకండు క్లాసే వచ్చింది. నేను ఆమధ్య కలకత్తా పనిమీద వెళ్ళినప్పుడు వాళ్ళ లైబ్రరీలో అడిగి ఆ పుస్తకం తీయించుకున్నాను. ఆ ఒక్క పేజీ అంచులు నలిగి మాసిపోయి ఉన్నాయి, అందరూ అక్కడే ఆగినట్టున్నారు. లైబ్రరీ ఆయన అది చూపించి, ఈవిడెవరో మీకు తెలుసా అన్నాడు. మా లైనావిడ అన్నాను. ఛాతీ ఎంత పొంగిందో చెబితే మళ్ళీ కోతంటారు.

పాసైన వారం పల్లెనుంచి పద్నాలుగు మంది నడిచి మా లైనుకొచ్చారు. అప్పే పిలిచింది. వాళ్ళది వాళ్ళకి ఆఖరుసారి మొత్తం అప్పజెప్పాలంది. వాళ్ళ ఊళ్ళో చుట్టమొస్తే ముందు లోటాతో నీళ్ళు తెచ్చి ఎదురుగా నేల మీద పెడతారు, ఆ నీళ్ళు పెట్టకుండా ఏ కబురూ ఎత్తకూడదు. అప్ప ఇంట్లో మూడే చెంబులున్నాయి. లైనులో ఇంటింటికీ వెళ్ళి అడిగింది. ఫోర్‌మెన్ మావయ్య పెళ్ళాం ఆరు చెంబులు తెచ్చింది, మావయ్య తనే నింపాడు. నింపుతూ, "దాక్ అంటారట నీళ్ళని. మా గ్యాంగులో అడిగినాను" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. ఆయన చివర ఉకారం అప్పది కన్నా పెద్దది. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు.

వరండాలో చేతులు కట్టుకుని నిలబడి అప్ప మొదలుపెట్టింది. లైనంతా గోడల మీదా గుమ్మాల్లోనూ. పేర్లు పెట్టే పాఠం వచ్చింది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మాకూ అర్థం కావాలని ఒక్కో మాటా తెలుగులో కూడా చెబుతోంది. వాళ్ళమ్మ తలుపు చాటునుంచి బయటికొచ్చింది.

"మరి కోడలు మావగారి పేరెట్టి పిల్లణ్ణెలా పిలుస్తాదే? తిట్టాలంటే ఎలా తిడతాది?"

అప్ప అది సంతాలీలో అడిగింది. ఫూల్‌మణి అక్కడా కుడుతూనే ఉన్న ఆకు కింద పెట్టింది. అందుకే ఇంకో పేరుంటుంది, లోపలి పేరొకటి, పిలిచే పేరొకటి, అంది. అది అప్ప తెలుగులో చెప్పేలోపే వాళ్ళమ్మకి ముఖం చూసి తెలిసిపోయింది. "అదే, అదే. మా ఇంట్లో మా అత్త కూడా అంతే" అని ఫూల్‌మణి పక్కన చతికిలబడింది. మడి కట్టుకున్న మనిషి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎవరి భాషలో వాళ్ళు అత్తల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో అప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆవిడ చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎమ్మే పట్టా కాగితం తెచ్చిన రోజు కూడా ఆవిడ ముఖం అలా లేదు.

ఆ తెల్ల పేజీ వచ్చినప్పుడు అప్ప ఆ ఒక్క వాక్యం చదివింది. మాంఝీ మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది. ఆయన తలూపి, చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు.

ఇదంతా నిజం. లైనులో ఇంకా బతికున్నవాళ్ళని ఎవర్నైనా అడగండి. కాని ఒట్లు మరీ పెద్దవి వేసేశాను, రాములవారి సంగతెలా ఉన్నా మా అమ్మ సంగతి చూసుకోవాలి. అంచేత కల్పించిన ముక్క ఒకటుంది, చెప్పేస్తాను.

నేను ఆ హాల్లో లేవలేదు.

పరీక్షకి ముందు ఆదివారం అప్ప నన్ను పిలవకుండా ఒక్కతే అడవి దారిన నడిచి మాంఝీ దగ్గరికి వెళ్ళింది. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నాకు చెప్పాడు. నేను పలకకూడనిదేదైనా ఉంటే ఆపెయ్ అని, ఆయనకి వీపు పెట్టి కూచుని, తల వంచుకుని ఆ పేజీ మెల్లగా చదివిందట. మాంఝీ ఒకప్పుడు మా వర్కుషాపు యార్డులో నాలుగేళ్ళు పనిచేశాడు. సగంలోనే పగలబడి నవ్వి, ఇది మీ కార్ఖానా పూజ దీదీ అన్నాడట. అప్ప పుస్తకం మూసి, ఇంటికొచ్చి, ఆ వారమంతా ఆ సంగతి నాతో ఎత్తలేదు. కలకత్తా బండిలో మరమరాలు పొట్లం నా చేతికే ఇచ్చింది. కిటికీ పక్కన నన్నే కూచోమంది.

హాల్లో పెద్దాయన చదవడం అవగానే కుర్చీ కిర్రుమంది. ఆ కుర్చీ అప్పది. "ఆ పేజీ అబద్ధం స్యార్, కొట్టెయ్యండి. ఒక్కరి మాట మీద రాశాను. తప్పు నాది" అంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరా ఒక్కరు, పేరేమిటి అన్నాడు పెద్దాయన. నేను నా చెప్పు వారు ఎక్కడ తెగబోతోందో చూసుకుంటున్నాను.

"మావాడే" అంది అప్ప. "పేరు అక్కర్లేదు."

అప్పుడైనా లేవాల్సింది, లేవలేదు. లేచి ఉంటే ఏం చెప్పేవాణ్ణో మాత్రం పంతొమ్మిదేళ్ళుగా తయారుచేసుకుంటున్నాను. పైన మీరు చదివింది అదే.